ఆయమ్మ మాట కేస్ షీట్ దాకా ఎందుకు రాదు?

ఏడాదికోసారి మాకు కమ్యూనికేషన్ స్కిల్స్ ట్రైనింగ్ పెడతారు. బయటి నుంచి ఒకాయన వస్తాడు, ప్రొజెక్టర్ పెట్టి, చిరునవ్వుతో మాట్లాడాలి, కళ్లలోకి చూసి మాట్లాడాలి, కోపం వస్తే పది దాకా లెక్కపెట్టాలి అని చెప్తాడు. చివర్లో సమోసా, టీ, గ్రూప్ ఫోటో. ఆ రెండు గంటలూ కింద ఫ్లోర్‌లో పెద్దవాళ్లను ఎవరు చూసుకుంటున్నారయ్యా అంటే ఆయమ్మలు. వాళ్లకి ట్రైనింగ్ లేదు, వాళ్లు కూడా పైకొస్తే కింద ఎవరూ మిగలరు కాబట్టి.

నేను నర్సుని. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి కొన్నేళ్లు ఆసుపత్రుల్లో పనిచేసి, తర్వాత పెద్దవాళ్లను చూసుకునే సెంటర్లకి వచ్చాను. హైదరాబాద్ శివార్లలో ఇప్పుడు ఇలాంటివి చాలా వచ్చాయి. వృద్ధాశ్రమం అంటే యాజమాన్యాలకి నచ్చదు, సీనియర్ లివింగ్ అనో అసిస్టెడ్ కేర్ అనో బోర్డు పెడతారు. బోర్డు ఏదైనా లోపల పని ఒకటే. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయినవాళ్లు, మతిమరుపు ముదిరినవాళ్లు, తుంటి ఎముకకి ఆపరేషన్ అయినవాళ్లు, ముక్కులో రైల్స్ ట్యూబ్ ద్వారా తిండి తీసుకునేవాళ్లు, వీళ్లందరినీ 24 గంటలూ కనిపెట్టుకుని ఉండాలి. ఇక్కడ ఏదైనా తేడా జరిగినప్పుడు మీటింగ్ పెడతారు, ‘కమ్యూనికేషన్ గ్యాప్’ అని తేలుస్తారు, ఇకనుంచి అందరూ జాగ్రత్తగా ఉండండి అని లేచి వెళ్లిపోతారు. నేను ఒప్పుకోను. మాటలు పొరపాటున మధ్యలో ఎక్కడో జారిపోవడం లేదు. ఎవరి మాట కాగితం మీదికి ఎక్కాలో, ఎవరిది ఎక్కకూడదో మనమే ఏర్పాటు చేసి పెట్టుకున్నాం. అందరికంటే ముందు చూసే మనిషి మాటకి ఆ ఏర్పాటులో చోటు లేదు.

ఒక్కసారి ఎవరు ఏం చూస్తున్నారో లెక్క వేసుకోండి. డాక్టర్ గారు వారంలో కొన్ని రోజులు రౌండ్స్‌కి వస్తారు, మనిషికి ఐదు నిమిషాలు ఇస్తే గొప్ప. సిస్టర్ బీపీ చూస్తుంది, షుగర్ చూస్తుంది, మాత్రలు ఇస్తుంది, ఇన్సులిన్ వేస్తుంది, డ్రెస్సింగ్ చేస్తుంది, మిగతా టైమంతా రాతకోతలే. ఆయమ్మ మాత్రం స్నానం చేయిస్తుంది, తినిపిస్తుంది, డైపర్ మారుస్తుంది, రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెడుతుంది, తల దువ్వుతుంది, వాళ్ల మనవల పేర్లు వింటుంది. నడుము కింద చర్మం ఎర్రబడిందని మొదట చూసేది ఆమె. నిన్న రెండు ఇడ్లీ తిన్న మనిషి ఇవాళ ఒకటి కూడా మింగలేదని తెలిసేది ఆమెకి. యూరిన్ బ్యాగ్ మోస్తుంది కాబట్టి రంగు మారిందని కూడా ఆమెకే ముందు తెలుస్తుంది.

ఇది నేను సొంతంగా ఊహించి చెప్తున్న మాట కాదు. అమెరికాలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. మనిషి జబ్బు పడబోతున్న గుర్తులను అక్కడి సహాయకులు, అంటే మన ఆయమ్మల్లాంటివాళ్లు, చార్ట్‌లోకి ఎక్కడానికి సగటున 5 రోజుల ముందే గమనించారని అందులో తేలింది. ఐదు రోజులు! ఎనభై ఏళ్లు దాటిన మనిషికి యూరిన్ ఇన్ఫెక్షన్ మొదలైతే ఐదు రోజుల్లో మాత్రలతో పోయేది ఐసీయూ దాకా వెళ్లొచ్చు. పెద్దవాళ్లలో చాలాసార్లు జ్వరం కూడా రాదు. ఊరికే డల్ అవుతారు, పరాకుగా మాట్లాడతారు, తిండి మానేస్తారు. థర్మామీటర్‌కి అందని ఆ మార్పు పక్కనున్న మనిషికి తెలుస్తుంది.

నేను చూసిన ఒక కేసు చెప్తాను. ఆర్టీసీలో చేసి రిటైరైన పెద్దాయన. పొద్దున కాఫీ కంటే ముందు పేపర్ కావాలి, హెడ్డింగులన్నీ పైకి చదువుతాడు, పక్క మంచం ఆయన విసుక్కుంటాడు, ఇది రోజూ ఉండే తతంగం. ఒకరోజు ఆయమ్మ వచ్చి నైట్ సిస్టర్‌తో, ‘సిస్టర్, తాత పొద్దుగాల నుంచి పేపర్ అడుగుతలేడు, పిలిస్తే పలుకుతుండు గానీ మనిషి మనిషిలెక్క లేడు’ అంది. సిస్టర్ వెళ్లి చూసింది. బీపీ 130/80, షుగర్ బాగానే ఉంది, జ్వరం లేదు. నోట్స్‌లో ‘పేషెంట్ స్టేబుల్’ అని రాసింది. పొద్దున డ్యూటీకి వచ్చిన అమ్మాయి ‘స్టేబుల్’ అని చదివింది, మధ్యాహ్నం అమ్మాయి కూడా అదే చదివింది. మర్నాటికల్లా ఆయన కొడుకుని గుర్తుపట్టలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తంలో సోడియం 118. ఉండాల్సింది 135 నుంచి 145. కాళ్ల వాపుకి వేసుకుంటున్న నీటి మాత్రే, అంటే ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే మాత్రే, కారణమని తేలింది. ఆ మాత్ర వాడే పెద్దవాళ్లలో సోడియం పడిపోవడం కొత్తేమీ కాదు. పుణ్యం కొద్దీ బతికి బయటపడ్డాడు.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ పని ఎగ్గొట్టలేదు. కేస్ షీట్‌లో ఉన్న ప్రతి అంకె నిజమే. ఒక్క పనికొచ్చే సమాచారం మాత్రం అందులో లేదు, ఎందుకంటే పేపర్ అడగలేదు అని రాయడానికి ఆ షీట్‌లో గడి లేదు. రాసినా ఇంచార్జ్ ‘ఏంటమ్మా ఈ పిచ్చి రాతలు’ అంటుందని ఆ సిస్టర్‌కి తెలుసు.

మా చదువుల్లో కమ్యూనికేషన్ గురించి నేర్పరా అంటే నేర్పుతారు. పేషెంట్‌ని ఒక షిఫ్టు నుంచి ఇంకో షిఫ్టుకి అప్పజెప్పేటప్పుడు మాట సరిగ్గా చేరడాన్ని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది ముఖ్యమైన భద్రతా అంశాల్లో ఒకటిగా పెట్టింది. ఎస్‌బార్ అని ఒక పద్ధతి ఉంది, అమెరికా నేవీ వాళ్ల అణు జలాంతర్గాముల్లో పుట్టి, కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల ద్వారా వైద్యంలోకి వచ్చింది. ఇప్పుడు ఏమైంది, వెనక చరిత్ర ఏమిటి, నువ్వేమనుకుంటున్నావు, ఏం చేయమంటావు, ఈ నాలుగూ వరసగా చెప్పాలి. మంచి పద్ధతే. పిల్లల వార్డుల్లో షిఫ్టు మార్పిడికి ఒక క్రమం పెట్టి, తొమ్మిది ఆసుపత్రుల్లో జూనియర్ డాక్టర్లతో చేయిస్తే వైద్యపరమైన తప్పులు 23 శాతం తగ్గాయని 2014లో వచ్చిన ఐ-పాస్ అధ్యయనం చెప్పింది. కాబట్టి మాట అప్పజెప్పడం తూతూమంత్రం కాదు, దాంతో ప్రాణాలు నిలుస్తాయి.

కానీ ఎస్‌బార్ వాడకం మా దగ్గర ఎలా ఉంటుందో చూడండి. మొదటి రెండూ అందరం చెప్తాం. మూడోది, నువ్వేమనుకుంటున్నావు అన్న దగ్గరకి వచ్చేసరికి గొంతు తడారిపోతుంది. డ్యూటీ డాక్టర్‌తో ‘సర్, నాకు సోడియం తగ్గిందేమో అనిపిస్తోంది’ అంటే ‘డాక్టర్ నువ్వా నేనా’ అనే రోజులు పూర్తిగా పోలేదు. నర్సు అభిప్రాయం చెప్తే అధిక ప్రసంగం. నర్సు పరిస్థితే ఇదైతే ఆయమ్మ సంగతి చెప్పేదేముంది? పైగా ఈ పద్ధతులన్నీ నర్సు నుంచి డాక్టర్‌కి, డాక్టర్ నుంచి డాక్టర్‌కి మాట ఎలా వెళ్లాలో నేర్పడానికే వాడతారు. ఆయమ్మ నుంచి నర్సుకి మాట ఎలా రావాలో నాకైతే ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. డాక్టర్ నా మాట వినడని బాధపడే నేనే ఆయమ్మతో ‘సరే సరే, ముందు ఆ బెడ్‌షీట్ మార్చు’ అంటుంటే ఇంక ఎవర్ని అనాలి.

రాత్రి ఎనిమిదింటికి ఓవర్ ఇచ్చుకునేది, అంటే షిఫ్టు అప్పజెప్పుకునేది, చూస్తే మీకే అర్థమవుతుంది. చాలాచోట్ల పొద్దున ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, రాత్రి పన్నెండు గంటల డ్యూటీ. టేబుల్ దగ్గర రెండు కుర్చీలు. ఒకదాంట్లో వెళ్లే సిస్టర్, ఒకదాంట్లో వచ్చే సిస్టర్. బయట క్యాబ్ హారన్ కొడుతుంటాడు. ‘రూమ్ వన్, సేమ్. రూమ్ టూ, సేమ్. రూమ్ త్రీ, రేపు ఫాస్టింగ్ షుగర్. రూమ్ ఫోర్, సేమ్.’ అయిపోయింది. ఈలోపు పగలంతా ఆ నాలుగు గదుల్లో తిరిగిన ఆయమ్మ అక్కడే, మూడడుగుల దూరంలో, స్టీలు టిఫిన్ బాక్స్ సంచిలో పెట్టుకుంటూ చెప్పులు వేసుకుంటూ ఉంటుంది. ఆమెని ఎవరూ ఏమీ అడగరు. ఆమె కుర్చీలో కూర్చోదు, కూర్చోమని ఎవరూ అనరు, ఒకవేళ అన్నా ‘వద్దులే సిస్టర్’ అంటుంది. పాతికేళ్ల సిస్టర్ యాభై ఏళ్ల ఆమెని ‘ఏయ్ ఆయమ్మా’ అని పిలిచే చోట, ఆమె తనంతట తాను వచ్చి నాకో అనుమానం ఉంది అని చెప్తుందనుకోవడం మన అత్యాశ. కులం, చదువు, జీతం అన్నీ ఆ రెండు కుర్చీల మధ్యనే ఉన్నాయి. దానికి పాపం ఆ ప్రొజెక్టర్ ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఇప్పుడు వాట్సాప్ సంగతి. ప్రతి సమస్యకీ మా వాళ్లు కనిపెట్టిన మందు ఇంకో గ్రూప్. స్టాఫ్ గ్రూప్, ఫ్లోర్ గ్రూప్, డాక్టర్స్ గ్రూప్, కుటుంబాల గ్రూప్. పుండు ఫోటో తీసి గ్రూప్‌లో పెడతారు, పద్నాలుగు మంది చూస్తారు, ముగ్గురు బొటనవేలు గుర్తు పెడతారు, ఒక్కరూ ఏం చేయాలో చెప్పరు. అందరూ చూశారు కాబట్టి ఎవరి బాధ్యతా కాదు. తిలాపాపం తలా పిడికెడు. ఆ పుండు ఒక మనిషి ఒంటి మీదిదనీ, ఆ ఫోటో పద్నాలుగు ఫోన్ల గ్యాలరీల్లో ఉండిపోతుందనీ ఎవరికీ పట్టదు. దీనికి తోడు అమెరికాలో ఉన్న కొడుకులు, కూతుళ్ల కోసం బ్రేక్‌ఫాస్ట్ ఫోటో. అమ్మమ్మకి మంచి చీర కట్టి, ప్లేటు ముందు పెట్టి, ఒక ముద్ద నోటి దగ్గర పెట్టి క్లిక్. వాళ్లు నిద్రపోయేలోపు ఫోటో డాలస్‌కి వెళ్లిపోవాలి, లేటైతే ఫోన్ వస్తుంది. ఆ తర్వాత ఆమె తిన్నదా, సగం ఊసేసిందా అన్న సంగతి పక్కనున్న సిస్టర్‌కి కూడా చేరదు. పిల్లల ఆరాటం నాకు అర్థమవుతుంది, వాళ్లని తప్పుపట్టడం లేదు. మా సమయం, మా శ్రద్ధ ఎటు ఖర్చవుతున్నాయో చెప్తున్నానంతే.

అన్నిటికంటే పెద్ద అడ్డు భయం. ఆయమ్మలు చాలాచోట్ల ఏజెన్సీ ద్వారా వస్తారు. ఒకచోట నేను పనిచేసినప్పుడు, పేషెంట్ పడిపోతే ఆ షిఫ్టులో ఉన్న ఆయమ్మ జీతంలో కోత పడేది. రెండోసారి అయితే ఏజెన్సీకి ఫోన్ చేసి మనిషిని మార్చమనేవాళ్లు. యాజమాన్యం దృష్టిలో అది క్రమశిక్షణ. ఫలితం ఏమిటంటే కింద పడ్డ సంగతి ఎవరూ చెప్పరు. రాత్రి రెండింటికి బాత్రూమ్‌లో జారి పడ్డ ముసలామెని ఇద్దరు కలిసి లేపి పడుకోబెడతారు, పొద్దున తుంటి దగ్గర నల్లగా కమిలి ఉంటే ‘మంచం కోడు తగిలిందేమో సిస్టర్’ అంటారు. ఆ అబద్ధం చెప్పించింది ఆ ఆయమ్మ మనస్తత్వం కాదు, ఆ జీతం కోత. హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల తప్పుల మీద పనిచేస్తూ ఒక వింత చూశారు. బాగా కలిసికట్టుగా పనిచేసే వార్డుల్లోనే తప్పులు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడ తప్పులు ఎక్కువ జరగడం వల్ల కాకపోవచ్చు, చెప్పుకోగలిగే ధైర్యం ఉండడం వల్ల అయి ఉంటుందని ఆవిడ వివరించారు. అందుకే ఏ సెంటర్ అయినా ‘మా దగ్గర గత ఏడాది ఒక్క ఇన్సిడెంట్ కూడా లేదు’ అని గొప్పగా చెప్తే నాకు మొదట వచ్చేది అనుమానం.

ఫోన్ ఆర్డర్ల గురించి కూడా రెండు ముక్కలు. డాక్టర్ గారు కారు నడుపుతూ ఫోన్లో ఇన్సులిన్ డోసు చెప్తారు. ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ హారన్ల మధ్య తేడా తెలియదు. విన్నది తిరిగి చదివి వినిపించాలి, వన్ ఫైవ్ అని అంకెలు విడివిడిగా చెప్పాలి, ఇందులో మొహమాటం ఏమీ లేదు. పైగా మన దగ్గర ఇన్సులిన్ వయల్స్ ఎక్కువగా మిల్లీకి 40 యూనిట్లవి, కొన్ని 100వి. సిరంజిలు కూడా వేర్వేరు, 40కి ఎర్ర మూత, 100కి ఆరెంజ్ మూత. వయల్ ఒకటి సిరంజి ఇంకోటి అయితే డోసు రెండున్నర రెట్లు తేడా వచ్చేస్తుంది. కొడుకు ఊరి నుంచి వస్తూ కొత్త వయల్ తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లాడనుకోండి, ఆ విషయం పక్క షిఫ్టుకి నోటితో చెప్పి తీరాలి.

చదువు రాని ఆయమ్మలతో ఏం రాయిస్తాం అంటారు. అందరికీ రాదనడం తప్పు, పదో తరగతి చదివినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. జార్ఖండ్, ఒడిశా నుంచి వచ్చే అమ్మాయిలకి తెలుగు రాయడం రాదు, నిజమే. కానీ రాయాల్సిన పనేముంది? అమెరికా నర్సింగ్ హోముల్లో ‘స్టాప్ అండ్ వాచ్’ అని ఒక చిన్న కార్డు ఉంది. మామూలుగా లేడు, తక్కువ మాట్లాడుతున్నాడు, తక్కువ తిన్నాడు, తక్కువ తాగాడు, మూడు రోజులుగా విరేచనం లేదు, ఒంటి రంగు మారింది, లేవడానికి ఎక్కువ సాయం కావాల్సి వస్తోంది, ఇలా ఉంటాయి. అనిపించిన దాని చుట్టూ సున్నా చుట్టి నర్సుకి ఇవ్వాలి. మా ఫ్లోర్‌లో దాన్ని బొమ్మలుగా మార్చాం. సగం నిండిన ప్లేటు, గ్లాసు, కమోడ్, ముడుచుకుని కూర్చున్న మనిషి. బొమ్మలు వేసింది ఒక ఫిజియో అమ్మాయి, కమోడ్ బొమ్మ చూసి అందరూ నవ్వుకున్నారు. కానీ కాగితం కంటే ఎక్కువ పని చేసింది ఇంకోటి: ఓవర్ ఇచ్చేటప్పుడు ముందు ఆయమ్మ మాట్లాడుతుంది. సిస్టర్ మాట్లాడిన తర్వాత ‘ఇంకేమైనా ఉందా ఆయమ్మా’ అంటే ఏం లేదనే అంటుంది, సిస్టర్ ‘సేమ్’ అన్నాక కాదు అని ఎవరు చెప్తారు? అందుకే ఆమె మొదట. గది గుమ్మం దగ్గర నిలబడి, అందరూ నిలబడే, ఇవాళ ఈయనలో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటి అన్న ఒక్క ప్రశ్న.

మొదట్లో గొణిగారు. క్యాబ్ వెళ్లిపోతుందని ఒకరు, ఆయమ్మలు ప్రతి చిన్నదానికీ పురాణం చెప్తారని ఇంకొకరు. పురాణం చెప్పారు కూడా. పెద్దావిడ కోడలిని తిట్టిందనీ, పక్క రూమ్ ఆయన గురక పెట్టాడనీ. కొన్నాళ్లకి ఏది చెప్పాలో ఏది అక్కర్లేదో వాళ్లకే తెలిసింది, కానీ అలా తెలియాలంటే ఒక పని మనం చేయాలి. వాళ్లు చెప్పిన దానివల్ల తర్వాత ఏమైందో వాళ్లకి తిరిగి చెప్పాలి. ‘నువ్వు చెప్పావు కదా, యూరిన్ టెస్ట్‌కి పంపాం, ఇన్ఫెక్షన్ ఉంది, మందు మొదలుపెట్టాం.’ లేదా ‘చూశాం, ఏమీ లేదు, అయినా చెప్పడం మంచిదైంది.’ చెప్పిన మాట ఏమైందో తెలియకపోతే మూడోసారికి ఎవరైనా నోరు మూసుకుంటారు, నేనైనా అంతే. జీతం పెంచకుండా ఇవన్నీ అడగడం అన్యాయం కాదా అని ఒక ఆయమ్మే నన్ను అడిగింది. అన్యాయమే. ఆ విషయం మేనేజ్‌మెంట్ ముందు పెట్టాను, ఇంకా నలుగుతోంది.

విదేశాల్లో అయితే అన్నీ పక్కాగా ఉంటాయి అనేవాళ్లకి ఒక మాట. ఇంగ్లండ్‌లో కేర్ హోమ్‌లో చేస్తున్న మా బ్యాచ్‌మేట్ ఒకామె, అక్కడ కేరర్లే రోజువారీ నోట్స్ రాస్తారని చెప్పింది. అది మనం నేర్చుకోవాల్సిందే. కానీ అదే దేశంలో మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రి మీద 2013లో వచ్చిన ఫ్రాన్సిస్ నివేదిక 290 సిఫార్సులు చేయాల్సి వచ్చింది, అక్కడ పేషెంట్ల కుటుంబాలు, స్టాఫ్ మొత్తుకుంటున్నా పైవాళ్లు చెవికెక్కించుకోలేదు కాబట్టి. మన దగ్గర 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మందికి తగ్గకుండా అంటుంది. ఆ ఆశ్రమాల్లో ఎవరు ఎవరికి ఏం చెప్పాలి అన్నది చట్టం రాసేవాళ్ల పని కాదనుకోండి, అది మా పని.

అమ్మనో నాన్ననో చేర్పించడానికి వచ్చేవాళ్లు ఏసీ ఉందా, గీజర్ ఉందా, సీసీ కెమెరా ఫోన్లో చూడొచ్చా అని అడుగుతారు. అడగండి, తప్పులేదు. దాంతోపాటు, పడిపోవడాలు, పొరపాట్లు రాసి పెట్టే ఇన్సిడెంట్ రిజిస్టర్ ఉందా, పోయిన నెలలో అందులో ఏమైనా రాశారా అని అడగండి. తర్వాత ఏదో ఒక గదిలో ఉన్న ఆయమ్మని, సిస్టర్ పక్కనే ఉండగా, ‘ఈ పెద్దాయన నిన్న రాత్రి ఏం తిన్నారమ్మా’ అని అడిగి చూడండి. వెంటనే చెప్తే సరే. చెప్పే ముందు సిస్టర్ ముఖం వైపు చూస్తే మాత్రం, ఇంకో రెండు సెంటర్లు చూసి రండి.